నలభై సెకన్లు

జనవరి 9

వాటర్ హీటర్ పాఠం రికార్డు చేశాం. నాన్న ఎప్పటిలాగే నీలం చొక్కా, జేబులో పెన్ను. రికార్డింగుకి ఆ చొక్కా తప్ప ఇంకోటి వేసుకోడు. వెనక గదిలో బల్ల, గోడకి బిగించిన పాత హీటరు, పక్కన స్విచ్ బోర్డు, స్టాండు మీద నా ఫోను. ఇంతే మా స్టూడియో.

ముప్పై ఒక్క ఏళ్లు ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరింగ్ చెప్పిన మనిషి. అది మూతపడ్డాక రెండేళ్లు గోడల్ని చూస్తూ కూర్చున్నాడు. ఈ వీడియోల ఐడియా నాదే. ఎవరైనా, ఎక్కడైనా, ఉచితంగా చూసుకోవచ్చు నాన్నా అంటే మొదట నవ్వాడు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే తెల్లారకముందే గడ్డం గీసుకుని రెడీ.

పాఠం మొదలుపెట్టేముందు ఆయన మంత్రం ఒకటుంది. ముందు మెయిన్ ఆపు. మెయిన్ దగ్గర ముట్టుకోవద్దని కాగితం అంటించు. టెస్టర్‌ని మెయిన్‌కి అవతలి వైపు, కరెంటున్న చోట ఒకసారి పెట్టి, అది పనిచేస్తోందని చూసుకుని, అప్పుడు పని చేసే చోట పెట్టు. ఆ తర్వాతే చెయ్యి. గోడ మీద స్విచ్‌ని నమ్మకు నాయనా, ఆ వైరింగ్ ఎవడు చేశాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. సరిగ్గా నలభై సెకన్లు. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క మాట తక్కువుండదు. నమ్మకు నాయనా అనే దగ్గర కుడిచెయ్యి చూపుడువేలు లేస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన పేరే మెయిన్ మాస్టారు.

నాకు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

జనవరి 12

కోర్సుల మేడమ్ ఫోన్ చేసింది. ఉచిత కోర్సులన్నీ ఒక్కచోట పెట్టే సైటు ఆవిడది. లెక్కలు, జీవశాస్త్రం, కుట్టుపని, చరిత్ర, ఏం కావాలంటే అది. నాన్న పాఠాలు చాలా బాగున్నాయట. కొత్తగా ఒక పది పన్నెండు చేసిస్తే కోర్సుగా పెడతారట. కాకపోతే ఒకటే చిక్కు అంది. జనం మొదటి నిమిషంలోనే పారిపోతున్నారు, సగం మందైనా చివరిదాకా చూడకపోతే మా వాళ్లు తీసుకోరు అంది. గ్రాఫ్ చూసుకోండి, ఎక్కడ పోతున్నారో మీకే తెలుస్తుంది అంది.

చూశాను. చూడక్కర్లేకుండానే తెలుసు. ఇరవయ్యో సెకను దగ్గర గీత మెట్లమీంచి జారిపడ్డట్టు పడుతుంది. మంత్రం మొదలయ్యేది అక్కడే.

జనవరి 14

కోసేశాను.

నేను ఫొటో స్టూడియోలో వీడియో ఎడిటర్ని. జనం మాట్లాడుకుంటూ పోతుంటే ఎక్కడ కత్తిరించాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నాన్న నమస్కారం పెట్టగానే నేరుగా హీటరు దగ్గరికి వచ్చేట్టు చేశాను. గోడ మీద స్విచ్ టక్కున ఆపి, స్క్రూడ్రైవర్ తీసుకుంటాడు. అతుకు ఎక్కడుందో నాకే కనబడట్లేదు.

మరీ అన్యాయంగా ఏం కొయ్యలేదు. మంత్రం ఒక్కటీ తీసి, పాఠం సున్నా అని పేరు పెట్టి, మా చానల్లో వేరే వీడియోగా పెట్టాను. కావలసినవాళ్లు చూసుకుంటారు.

నాన్నకి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు, ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆయన తన వీడియోలు చూసుకోడు. తన గొంతు తనకే పడదట. దగ్గులూ నసుగుళ్లూ తీసేస్తున్నాను నాన్నా అని ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. నీ ఇష్టం తల్లీ అన్నాడు.

జనవరి 20

సగం కాదు. అరవై ఎనిమిది శాతం!

ఫిబ్రవరి 16

తీసుకున్నారు. ఒక్కో ఆదివారం రెండేసి పాఠాలు రికార్డు చేసి, హీటరుతో కలిపి పదకొండు ఇచ్చాం. అన్నిట్లోనూ మంత్రం కోసిందే. పాఠం సున్నా కూడా పెట్టమని మేడమ్‌ని అడిగాను. అది పాఠం కాదు కదండీ అంది. నేను గట్టిగా అనలేదు. అనుంటే పెట్టేదేమో.

నాన్న సైటు చూపించమన్నాడు. తన వీడియో కాదు, పేజీ. సబ్జెక్టులన్నీ ఒక్కొక్కటే చదివించుకున్నాడు. బీజగణితం, మొక్కల జబ్బులు, కుట్టుపని, ఖగోళశాస్త్రం, ఇంటి వైరింగ్. ఖగోళశాస్త్రం పక్కన నేనా అని అడిగాడు. అవును నాన్నా, పక్కనే. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మార్చి 1

పొద్దున్న కాఫీతో పాటు నేను కామెంట్లు చదవాలి, ఆయన వినాలి. ఈ మధ్య ఒక అభిమాని తగిలాడు. ప్రతి పాఠం కిందా ఒకటే మాట: పూర్తిగా చూశాను మాస్టారూ, నోట్సు రాసుకున్నాను. పని చేసే ఫ్యాక్టరీ మూసేశారట. రిపేర్లు నేర్చుకుని సొంతంగా నిలబడాలని చూస్తున్నాడట. నాన్న ఆయనకి నోట్సుగారు అని పేరు పెట్టాడు. ఇప్పుడు కాఫీ గ్లాసు అందుకోగానే మొదటి ప్రశ్న, నోట్సుగారు రాశాడా అని.

ముప్పై ఒక్క ఏళ్లలో అడగకుండా నోట్సు రాసుకున్నవాణ్ణి చూడలేదన్నాడు. ఇలాంటి శిష్యుడు ఒక్కడు చాలట. మరి నేనేం కానా అని దెబ్బలాడాను. నువ్వు ఫ్యూజు మార్చడం కూడా నేర్చుకోలేదు, నోరు మూసుకో అన్నాడు.

మార్చి 8

నాన్న తెల్లవారుజామున పెరట్లో నడుస్తూ హాజరు పిలుస్తాడు. ఆఖరి బ్యాచ్ నలభై మంది, రోల్ నంబర్ల వరసలో, గడగడా. ఎందుకో నాకు తెలుసు. పెదనాన్న చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. తినేసి కూడా తినలేదని ఒట్టేసేవాడు. నన్ను నర్సనుకుని థాంక్స్ చెప్పేవాడు. అది తనకీ వస్తుందేమోనని నాన్న భయం. ప్రాణం పోవడం గురించి జోకులేస్తాడు గానీ దీని గురించి ఒక్క మాట ఎత్తడు. నలభై పేర్లూ పూర్తయ్యాక లోపలికి వచ్చి కాఫీ అడుగుతాడు. ఆ అడిగే గొంతును బట్టి తప్పుల్లేవని తెలిసిపోతుంది.

మార్చి 16, ఉదయం 6:40

నోట్సుగారి పేరుతోనే వచ్చింది కామెంటు. హీటర్ పాఠం కింద. రాసింది ఆయన కాదు.

మాస్టారూ, నేను ఆయన భార్యని. పోయిన సోమవారం పక్కింటివాళ్ల హీటర్ బాగుచేస్తూ ఆయన పోయారు. మీరు చూపించినట్టే గోడ మీద స్విచ్ ఆపారు. ఆ స్విచ్ తప్పుగా కలిపి ఉందట, ఆపినా హీటరులో కరెంటు ఉంటుందట. మెయిన్ ఆపాలి కదా అని అందరూ నన్ను అడుగుతున్నారు. మీ వీడియో మొత్తం నాలుగుసార్లు చూశాను. ఆయన నోట్సు కూడా చూశాను. పదకొండు పాఠాల్లో మెయిన్ అన్న మాటే లేదు. ఎందుకు చెప్పలేదు మాస్టారూ?

తిట్టలేదు. ఒక్క తిట్టు కూడా లేదు.

మార్చి 16, ఉదయం 7:15

నాన్న కాఫీకి వచ్చాడు. నోట్సుగారు రాశాడా అన్నాడు. లేదు నాన్నా అన్నాను.

కామెంటుని ఎవరికీ కనబడకుండా దాచేశాను. ముందు ఆ పని చేసి, ఆ తర్వాత కాఫీ కలిపాను. వరస అదే. ఇక్కడ అబద్ధం రాసుకోలేను.

మార్చి 17

స్టూడియోకి వెళ్లాను. ఎవరిదో వీడ్కోలు సభ, గంటా నలభై నిమిషాలు. ఇరవై నిమిషాలకి కుదించాలి. చెయ్యి ఆడలేదు. ఎక్కడ కత్తెర పెట్టినా అది తీసేయకూడదేమో అనిపించింది. తలనొప్పని చెప్పి వచ్చేశాను.

హీటర్ వీడియో ఎవరికీ కనబడకుండా ప్రైవేటు చేశాను. అప్పటికి లక్షా పదకొండు వేల మంది చూశారు. వాళ్లలో ఎందరు గోడ మీద స్విచ్ మాత్రమే ఆపుతున్నారో.

మార్చి 19

హార్డ్ డిస్కులో కొయ్యని ఫైళ్లు అన్నీ ఉన్నాయి. నేనేదీ పారెయ్యను. పదకొండింట్లోనూ ఉంది మంత్రం. పదకొండుసార్లు వేలు లేపి చెప్పాడు, స్విచ్‌ని నమ్మకు నాయనా అని.

మార్చి 22

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న పదింటికి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. నాన్న పాత శిష్యుడు, పెద్ద పెద్ద బిల్డింగులకి వైరింగ్ చేయిస్తాడు. నాన్న స్పీకర్‌లో పెట్టాడు. అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి, మాస్టారూ మీ హీటర్ పాఠం చూసి ఒకాయన పోయాడని మా పనివాళ్లు అనుకుంటున్నారు, నేను నమ్మక ఆ కోర్సులో మిగతా పాఠాలు తీసి చూశాను, ఒక్కదాంట్లో కూడా మెయిన్ గురించి మీరు చెప్పలేదేంటి మాస్టారూ అన్నాడు. మమ్మల్ని అది చెప్పలేదని ఎండలో నిలబెట్టేవారు కదా అన్నాడు.

నాన్న నవ్వాడు. చెప్పకపోవడమేమిట్రా, నీ బుర్ర ఉందా అన్నాడు. అవతలివాడు నవ్వలేదు. మీరే చూసుకోండి మాస్టారూ అన్నాడు.

ఫోన్ పెట్టేసి నాన్న నా వైపు తిరిగాడు. నేను ఫోను స్టాండు మడతపెడుతున్నాను, అక్కర్లేకపోయినా. ఏమ్మా, నేను చెప్పాను కదా అన్నాడు.

చెప్పాల్సిన క్షణం అదే. అప్పుడు నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పుంటే తిట్టేవాడు, కొట్టినా కొట్టేవాడు, ఒక నెల మాట్లాడేవాడు కాదు. అంతకన్నా ఏం కాదు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: ఏమో నాన్నా, నాకు గుర్తులేదు, ఒక్కోసారి మర్చిపోయుంటారు.

నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన చూపు నా మీంచి జరిగి, కిందికి దిగి, తన చేతుల మీద ఆగింది. పదకొండుసార్లా అన్నాడు. అన్నయ్య కూడా అలాగే ఒట్టేసి చెప్పేవాడు అన్నాడు.

తర్వాత అడిగాడు, పోయింది నోట్సుగారేనా, అందుకేనా రాయడం లేదు అని. తల ఊపాను. చెప్పుంటే రాసుకునేవాడు అన్నాడు. లేచి వెనక గదిలోకి వెళ్లి, ఖాళీ బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

ఛీ నా బతుకు.

మార్చి 23

హాజరు ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి పిలిచాడు. పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. కాఫీ అడగలేదు.

మార్చి 27

రేపు చెబుతాను.

మార్చి 28

చెప్పలేదు.

మార్చి 31

ఇంటినిండా కాగితాలు. వంటగదిలో గ్యాస్ కట్టెయ్. బాత్రూమ్‌లో కుళాయి కట్టెయ్. వీధి తలుపు మీద తాళం, జేబు, కళ్లజోడు. మెయిన్ బోర్డు మీద మాత్రం పెద్దక్షరాలతో, నువ్వు ముట్టుకోకు అని. ఎవరికి రాసింది నాన్నా ఇది అని అడిగాను. నాకే అన్నాడు.

బీరువా తాళాలూ, సంతకం చేసిన బ్యాంకు కాగితాలూ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. బుర్ర ఉండగానే అప్పజెప్పడం మంచిదట. పెదనాన్న విషయంలో ఆలస్యం చేసి ఎంత అవస్థ పడ్డామో గుర్తుచేశాడు. ఎప్పుడు ఏ ఆసుపత్రిలో చేర్చామో తేదీలతో సహా చెప్పాడు. నెలా, వారం, ఆ రోజు వాన పడుతుండడం కూడా. ఇంత గుర్తున్న మనిషికి మతిమరుపేమిటి నాన్నా అని అరిచాను. పాతవి గుర్తుంటాయమ్మా, కొత్తవే పోతాయి, అన్నయ్యకీ అంతే అన్నాడు.

ఆయన అన్నం మీద ఆయన కూర వేసుకోవడానికి కూడా నా మొహం చూస్తున్నాడు, ఇందాక వేసుకున్నానా అన్నట్టు.

ఏప్రిల్ 4

డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. గంటసేపు ప్రశ్నలు. బొమ్మలు గీయించాడు, వంద నుంచి ఏడేసి తీసేయించాడు. బయటికొచ్చి నాతో, మీ నాన్నగారి బుర్ర నాకన్నా చురుగ్గా ఉందండీ, మనసే బాగా దెబ్బతింది, ఏం జరిగింది ఇంట్లో అన్నాడు.

ఏం జరిగిందో చెప్పడానికి అది కూడా మంచి అవకాశమే. వయసండీ అన్నాను.

ఆటోలో నాన్న నా చెయ్యి పట్టుకుని, డాక్టర్లు మొదట్లో అలాగే అంటారులే, అన్నయ్యకీ అలాగే చెప్పారు అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు!

ఏప్రిల్ 9

టెస్టర్ ఇచ్చేశాడు. పసుపు పిడి ఉన్నది, ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నది. మెట్ల మీద బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టి, నువ్వు ఉంచుకో బాబూ, నేనిక పనికిరాను అన్నాడు. ఆ మనిషి ఏం చెయ్యాలో తెలియక నన్ను చూశాడు. మా ఇంట్లో బల్బు మార్చడానికి బయటి మనిషి రావడం నా నలభై రెండేళ్ల బతుకులో ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం

ఒక ఆఖరి వీడియో తియ్యమన్నాడు. గడ్డం గీసుకున్నాడు. నీలం చొక్కా. ఈసారి జేబులో పెన్ను లేదు.

నేను కెమెరా వెనక నిలబడ్డాను. ఆయన బల్ల ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. నేను చెప్పవలసిన మాట పదకొండుసార్లు చెప్పలేదు అన్నాడు. చెప్పాననే అనుకున్నాను, అదే నా జబ్బు అన్నాడు. నా మాట నమ్మి ఒక మంచి శిష్యుడు పోయాడు. ఆయన ఇంటివాళ్లకి నా మొహం చూపించలేను గనక ఇలా చెబుతున్నాను. నా పాఠాలు ఎవరూ చూడకండి. చదువు చెప్పే అర్హత నాకు పోయింది.

మూడు నిమిషాలు. ఒక్క దగ్గూ లేదు, ఒక్క నసుగుడూ లేదు. కొయ్యడానికి నాకేమీ మిగల్చలేదు.

ఇవాళే పెట్టెయ్యి తల్లీ అన్నాడు. అలాగే అన్నాను. వెనక గది తలుపు గడియపెట్టుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. నేను చంపింది ఒకరినే అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 13, ఉదయం 8:30

చెప్పేశాను.

కాఫీ ఇచ్చి, ఎదురుగా కింద కూర్చుని, నాన్నా మీరు మర్చిపోలేదు, పదకొండుసార్లూ చెప్పారు, నేను కోసేశాను అన్నాను. గ్రాఫ్ గురించి చెప్పాను, మేడమ్ గురించి, పాఠం సున్నా గురించి. కామెంటు దాచింది చెప్పాను. మీరు అడిగిన రోజు గుర్తులేదని అబద్ధమాడాను అని చెప్పాను. ల్యాప్‌టాప్ తెచ్చి ఒరిజినల్ ఫైళ్లు ఒక్కొక్కటే పెట్టాను. హీటరు, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, పంపు. పదకొండూ చూపించాను.

చూస్తూ కూర్చున్నాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రావాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

అన్నీ అయ్యాక నా తల మీద చెయ్యి వేశాడు. పిచ్చితల్లీ, నా కోసం ఇంత పని చేశావా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పాత వీడియోలోంచి తీసి వీటికి అతికించావు కదూ అన్నాడు. చూడు, అన్నిట్లోనూ అదే మాట, అదే గొంతు, అదే చొక్కా, వేలు లేవడం కూడా ఒక్కలాగే ఉంది. మనిషన్నవాడు పదకొండుసార్లు ఇంత అచ్చుగుద్దినట్టు చెబుతాడా అన్నాడు. నీ చేతిలో విద్య ఉందమ్మా, అతుకు ఎక్కడుందో నాకే కనబడట్లేదు అన్నాడు.

లేదు నాన్నా అన్నాను. ఒట్టేశాను. చెంపలు వాయించుకున్నాను. ఫైళ్ల తేదీలు చూపించాను. అవీ మార్చొచ్చని ఎక్కడో విన్నాడట. నేను ఎంత గట్టిగా చెబితే ఆయన కళ్లలో అంత ప్రేమ. చివరికి, ఇలా తప్పు నెత్తిన వేసుకునే కూతురు ఎవరికుంటుంది, ఇంక ఏడవకు అని, తన కాఫీ నా చేత తాగించాడు.

ఏప్రిల్ 14

తిడితే బాగుండును.

ఏప్రిల్ 16

నాన్న వీడియో పెట్టలేదు. జరిగిందంతా నేనే రాసి, పాఠాలన్నిటి కిందా అందరికంటే పైన కనబడేట్టు పెట్టాను. నా పేరుతో. కోసిన పదకొండూ తీసేసి, కొయ్యనివి పెట్టాను. ఆవిడ కామెంటుని ఉన్నదున్నట్టు కొత్త హీటర్ పాఠం కింద మళ్లీ పెట్టాను.

కోర్సుల మేడమ్‌కి కూడా రాశాను. కోర్సు తీసేశారు. ఖగోళశాస్త్రం పక్కన ఇప్పుడు చిత్రలేఖనం ఉంది. నేను ఎక్కడ పోతున్నారో చూడమన్నాను గానీ కొయ్యమనలేదు కదండీ అని బదులు రాసింది. నిజమే, అనలేదు.

కింద జనం రాస్తున్నారు. నాన్న పరువు కాపాడుకునే కూతురంటే ఇలా ఉండాలట. మాస్టారి వయసుకి మరుపు సహజమట, అమ్మాయి మనసు బంగారమట. రెండు వేల లైకులు. కాంట్రాక్టరు ఫోన్ చేసి, మీరు మాత్రం గొప్పవారమ్మా అన్నాడు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

ఏప్రిల్ 19, మధ్యాహ్నం 3:00

ఆవిడతో మాట్లాడాను. నోట్సుగారి భార్యతో. ఆ కామెంటు కింద నా నంబరు రాస్తే ఆవిడే ఫోన్ చేసింది.

వెనకాల కుట్టుమిషను చప్పుడు. చెబుతున్నంతసేపూ ఆగి ఆగి నడిచింది, తర్వాత ఆగిపోయింది. నేను దాచకుండా చెప్పాను. నలభై సెకన్లు, జనం పోతున్నారని, కోసేశాను అని.

నమ్మింది. ఒక్కసారి చెబితే నమ్మింది. ఈ లోకంలో నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషి.

తర్వాత వాళ్లింటి సంగతి చెప్పింది, నాతో కాదు, తనలో తను చెప్పుకున్నట్టు. వాళ్లింట్లో అందరూ వీడియోలు చూసే నేర్చుకున్నారట. తను కుట్టు, కూతురు త్రికోణమితి, ఆయన వైరింగ్. ఒక్కటే ఫోను, వంతులేసుకుని చూసేవారట. ఆయన వంతు సాయంత్రం. పాఠం ముందుకి జరిపేవారు కాదట. నమస్కారం దగ్గర్నుంచి నమస్కారం దాకా చూసి, మళ్లీ వెనక్కి తిప్పి నోట్సు రాసుకునేవారట. ఇంత నెమ్మదేమిటండీ అని తను విసుక్కునేదట.

జనం పోతున్నారని కోశావు, మా ఆయన పోయేవాడు కాదమ్మా అంది. వీడియోలోంచి అని ఆవిడ ఉద్దేశం. తర్వాత ఆవిడకే ఆ మాట ఎలా వినబడిందో, గబుక్కున ఆగిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. ఆవిడ కూడా ఆ ఊసెత్తలేదు. చివర్లో ఒకటే అడిగింది. ఆ ముక్క ఉందా అని. ఉందన్నాను. మొత్తం వద్దు, ఆ ముక్క ఒక్కటే పంపించు అంది.

ఏప్రిల్ 20

హీటర్ పాఠంలోంచి ఆ నలభై సెకన్లూ వేరు చేసి అప్‌లోడ్ చేశాను. వెతికితే ఎవరికీ దొరకదు. లింకు ఆవిడ ఒక్కరికే పంపాను.

నాన్న అడిగాడు, నా ఆఖరి వీడియో ఎంతమంది చూశారమ్మా అని. ఎవరూ చూడలేదు నాన్నా అన్నాను. ఈసారి నిజమే చెప్పాను. పోనీలే అన్నాడు.

మే 4

నాన్న హాజరు పిలవడం మానేశాడు.

ఆ నలభై సెకన్ల వీడియోకి ఇవాళ్టికి మూడు వందల పన్నెండు వ్యూస్. గ్రాఫ్ తెరిచాను. గీత తిన్నగా ఉంది. మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా, ఎక్కడా ఎవరూ వెళ్లిపోలేదు.